పాపాయి మడిచిన చేదు రేకు

పాపాయికి అనుమానం వస్తే గోదావరి సైతం ఓ నిమిషం ఆగి, సంజాయిషీ చెప్పుకుని మరీ సాగుతుంది. సరే, గోదావరి కాదు, మా ఆత్రేయపురం పంటకాలువ అనుకోండి. అదీ లాకులు మూసిన రోజుల్లోనే ఆగుతుంది. అనుమానం మాట మాత్రం నిజం. మా కాన్వెంటు సిస్టర్లు కూడా నన్ను అంత గుచ్చి గుచ్చి అడగలేదు.

పేరుకే పాపాయి; బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసి బతికే పెద్దావిడ, మా పక్కిల్లే. మనవడికి మూడేళ్లు దాటినా మాట రాలేదు. వాడు కడుపులో ఉండగా కోడలు రామతులసి జ్వరానికి మాత్రలు వేసుకుంది. వాడి నోరు కట్టేసింది ఆ మాత్రలేనని పాపాయి తేల్చేసి, వీధంతా చెప్పింది. వినీ వినీ తులసి కూడా నమ్మేసింది.

ఇప్పుడు తులసికి మళ్లీ ఐదో నెల. జ్వరం వచ్చింది. రావులపాలెంలో డాక్టరమ్మ మాత్ర రాస్తే పాపాయి ఆవిణ్ణీ అనుమానించింది. పిల్లాడికి మాట రాకపోవడానికి ఆ మాత్రలే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరనీ, ఒళ్లు ఇలా కాలిపోతుంటే ఊరుకోవడం మాత్రం కడుపులో బిడ్డకు మంచిది కాదనీ, చెప్పిన మోతాదులోనే వేసుకోమనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

సాయంత్రానికి జ్వరం పెరిగింది. పాపాయి భయపడి తనే మాత్ర తెచ్చి ఇచ్చింది. తులసి తల తిప్పేసుకుంది.

"పెద్దాడి సంగతిలో మీరే కదండీ అన్నారు, అత్తయ్యా. నేను మింగను."

పాపాయి మాత్ర పట్టుకుని కుండ దగ్గరికి వెళ్లింది. అరుగు మీద విరిగిన రేకులు తింటున్న నావైపు ఓసారి చూసింది. నేను మర్యాదగా దూలాలు లెక్కపెట్టసాగాను. పంచదారతో పాటు మాత్రనూ నూరి, నెయ్యి కాస్త ఎక్కువే రాసి రేకు మడిచింది.

తులసి ఓ ముక్క కొరికి ఆగింది.

"చేదుగా ఉందేంటండీ?"

"జ్వరం నోటికి పంచదారైనా చేదేనమ్మా. తిను."

తులసి మడత విప్పి చూసింది. వాసన చూసింది. అత్తగారి మొహం చూసింది. ఆ చూపు ఎవరి దగ్గర నేర్చిందో నేను చెప్పక్కర్లేదు. ఏమనుకుందో, మిగతాది తినేసింది.

తెల్లారేసరికి చెమట పట్టి జ్వరం దిగింది.

మొన్న ఇదంతా పాపాయికి చదివి వినిపించాను. నా చేతిలో కాగితం తీసుకుని వెనక్కి తిప్పి కూడా చూసింది.

"ఏంటి బాబాయిగారూ ఈ కోతలు? మా ఇంట్లో మాత్ర ఎవరూ నూరలేదు. అసలు ఆ రోజు నేను పొయ్యి మీద కుండే పెట్టలేదండి."