చేపమందు వరసలో వదిన వాకబు

మా వదిన పోయిన వారం కన్నుమూసింది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. బాచుపల్లి బడిలో పాఠం చెబుతుండగా నాకు కబురొచ్చింది. నేను అడిగిన మొదటి మాట, "ఆయాసపడిందా?" అని. లేదు, నిద్రలోనే అన్నారు. ఏడుపుకన్నా ముందు గుండె తేలికైంది. ఊపిరాడక పోతానేమోనన్నదొక్కటే ఆమె భయం.

ఆమె మా ఆయనకు అక్క. తల్లిలేని తమ్ముణ్ణి పెంచి, పెళ్లి చేసి, మియాపూర్‌లో మా కిరాయి ఇంట్లోనే ఉండిపోయింది. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. నేను తాలింపు పెడితే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగు. ఉప్పెంత వెయ్యాలో అక్కణ్ణుంచే కేకేసి చెప్పేది.

మాదాపూర్‌లో రాళ్లు పేల్చి పెద్ద టవరు కడుతున్న రోజులవి. మా ఆయన అక్కడ సూపర్‌వైజరు. సాయంత్రం ఆయన్ను వదిన గడపలోనే ఆపేసేది: "జర ఆడనే దులుపుకొని రా! ఆ దుమ్మంత నాకోసం తెచ్చినవా?"

అప్పుడే మాకు పాప పుట్టింది. మొదటి టీకా వేయించే వేళకు పక్కింటావిడ ఒక మాట మోసుకొచ్చింది. కోరింత దగ్గు రాకుండా వేసే సూదితో పిల్లలకు ఉబ్బసం పట్టుకుంటుందట. ఇంకేముంది, వదిన పాపను ఒళ్లోంచి దించితే ఒట్టు.

"నా బీమారి దీనికొద్దు. సూది లేదు, గీది లేదు. ఇంకోపాలి ఆ మాటెత్తితే నేను ఊరికి పోత!"

మా ఆయన అక్కకు ఎదురు చెప్పే మనిషి కాదు. వీధి చివర ఇంట్లో పసివాడు కోరింత దగ్గుతో నీలంగా మారిపోతే దవాఖానలో చేర్చారు. నాకు ముద్ద దిగేది కాదు.

ఇంతలో మృగశిర వచ్చింది. ఉబ్బసం ఉన్నవాళ్లంతా చేపమందుకు వెళ్లే రోజు. నోట్లో మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగాలి. వదిన ఏటా మింగేది, చలికాలం రాగానే ఆ చేపను ఏటా తిట్టేది. ఆ ఏడు నేనూ తోడు వెళ్లాను. వరసలో ముందున్న ముసలాయన ఎగశ్వాస చూసి వదిన ఉన్నట్టుండి అడిగింది.

"పెద్దయ్యా, చిన్నప్పుడు నీకు దగ్గు సూది ఏసిండ్రా?"

"ఏ సూది బిడ్డా? మా ఊరికి సూదే రాలె."

వెనకావిడను అడిగింది. పక్క వరసలో వాళ్లనూ వదల్లేదు. వయసు మళ్లినవాళ్లంతా అదే మాట. చేప మింగి బయటికొచ్చాక నా వైపు తిరిగింది.

"నాకు గూడ ఏ సూదీ ఏయలె గద పిల్లా. మరి నాకెట్లొచ్చింది?"

మర్నాడు పాపను తనే ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. వాకబంతా విని ఆవిడ నవ్వారు.

"ఉబ్బసం ఉన్నవాళ్లనే అడిగితే ఎలాగండీ? టీకా వేసిన పిల్లల్నీ, వేయని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూసినా, దీనివల్ల ఉబ్బసం వస్తుందనడానికి ఇప్పటిదాకా గట్టి ఆధారం దొరకలేదు. కోరింత దగ్గు మాత్రం ఇంత పసిదానికి ప్రాణం మీదికొస్తుంది."

"అయితే సగం పని నేను జేసిన, సగం మీరు జేసిండ్రు. ఇగ ఏయుండ్రి," అంది వదిన. తీరా సూది దిగాక పాపకన్నా ముందు తనే ఏడ్చింది. నాకు మాత్రం ఆ పూట కడుపునిండా అన్నం సయించింది.

చలికాలాలు గడిచాయి. పాపకు కోరింత దగ్గు రాలేదు, ఆయాసమూ రాలేదు. వదిన పోవడానికి కొద్దిరోజుల ముందు, ఒక సాయంత్రం పాప ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒకటే పరుగులు. "పడతావే, ఆగు!" అని నేను అరిచాను. తోటిపిల్లలు ఆడుతుంటే అరుగు మీద కూర్చుని చూస్తూ పెరిగిన మా వదిన నా చెయ్యి పట్టి లాగింది.

"ఆపకు, ఉరకనియ్యి." గొంతెత్తి పాపతో అంది: "ఉరుకు బిడ్డా! నా వంతు గూడ నువ్వే ఉరుకు!"

పాప వెనక్కి తిరిగి చూసి, కిలకిలా నవ్వి, ఇంకా జోరుగా పరుగెత్తింది.