హార్డ్ డిస్కుకు బొట్టు పెట్టినవాణ్ణి

ఆ రోజుల్లో మా వైపు ఏ యంత్రాన్ని నమ్మాలన్నా ముందు దానికి బొట్టు పెట్టాలి. బొట్టు లేని బండి మలుపులో జారుతుందనీ, బొట్టు లేని మోటారు కాలిపోతుందనీ ప్రొద్దుటూరులో నేను పనిచేసిన ఫోటో స్టూడియో యజమానికి గట్టి నమ్మకం. ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి (బంధుత్వం ఏమీ లేదు, మా ఊళ్లో మనల్ని తిట్టే హక్కున్న ప్రతివాడూ మామే). నాకప్పుడు ఇరవై ఏళ్లు. డిప్లొమా మధ్యలో వదిలేసి, పెళ్లిళ్లకు వీడియో తీసి, దాన్ని కంప్యూటర్లో కత్తిరించి పాటలు అతికించేవాణ్ణి. అంతకన్నా ఇష్టమైన పని ఇంకొకటుంది. కనిపించినదాన్నల్లా విప్పి లోపల ఏముందో చూడటం. గోడ గడియారం విప్పాను, టేబుల్ ఫ్యాను విప్పాను, మామ ఇంట్లో మిక్సీ విప్పాను. బిగించాక ప్రతిసారీ రెండు మూడు మరలు నా చేతిలో మిగిలిపోయేవి. స్టూడియోలో నా పేరు ‘ఇప్పేసామి’ అయింది.

ఆ యేడు ఆయుధ పూజకు మామ నాకు గంధం గిన్నె ఇచ్చి, “ఒక్క సామాను గూడా ఇడ్సొద్దురా” అన్నాడు. కెమెరాలకు, లైట్లకు, స్టాండ్లకు, చివరికి గోడకున్న స్విచ్ బోర్డుకు కూడా బొట్టు పెట్టాను. కంప్యూటర్ పెట్టెకు పైన పెట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ గుండెకాయ లాంటి హార్డ్ డిస్కును లోపల వదిలేసి పై డొప్పకు పూజ చేయడం ఏం న్యాయం అనిపించింది. (నిజం చెప్పాలంటే, విప్పడానికి ఒక సాకు దొరికింది.) డిస్కు బయటికి తీస్తే దాని నెత్తిన చిన్న రంధ్రం కనబడింది. సరిగ్గా బొట్టు పెట్టే చోటు! రంధ్రం చుట్టూ సన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో రాసుంది గానీ, అవతల మామ హారతి వెలిగించేశాడు, చదివే తీరికెక్కడిది? గంధం దట్టంగా మెత్తి, మధ్యలో కుంకుమ అద్ది, మళ్లీ బిగించేశాను.

నెల తిరక్కముందే ఒక అవ్వ స్టూడియో మెట్లెక్కి వచ్చింది. జమ్మలమడుగు అవతల పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ వేసవిలో ఆమె మనవరాలి పెళ్లికి వీడియో తీసింది నేనే.

“అప్పా, మా ముసిలోడు పోయినాడు. ఆదివారం దినం. పటం పెట్టల్ల గదా, యాడ ఎతికినా ఆయప్పది ఒక్క ఫోటో ల్యా. ఆధార్ కార్డులో ఉండాది గానీ, అది సూస్తే మా మనవడే ఎవురీయన అన్న్యాడు. మీరు పెండ్లిలో తీసినారు గదా, యాడన్నా ఉంటాడేమో సూడప్పా.”

ఆల్బమ్ తిరగేశాం. ఒక్క ఫోటోలోనూ తాత లేడు. “అందరూ నిలబడండి” అన్న ప్రతిసారీ ఆయన మందను చూసొస్తానని వెళ్లిపోయాడట. నాకు మాత్రం భోజనాల దగ్గర ఆయన్ని తీసిన గుర్తు. ఆ భోజనాల ముక్క వాళ్లకిచ్చిన డీవీడీలో లేదు. పాట అయిపోయినా తిండి అవలేదని నేనే కోసి పారేశాను. కెమెరా కార్డులు మళ్లీ మళ్లీ వాడుకునేవాళ్లం కాబట్టి, కోయకముందు తీసిన వీడియో మొత్తం ఉన్నది ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే. ఇంకో కాపీ ఉంచుకోవాలన్న తెలివి మా స్టూడియోలో ఎవరికీ లేదు.

“యాడికీ పోదు అవ్వా, ఉంటాది” అని ధీమాగా చెప్పి ఆమెను పంపి, కంప్యూటర్ వేశాను. వీడియో మొదలైంది. తలంబ్రాల దాకా వచ్చి టక్, టక్, టక్ అని ఆగిపోయింది. కాసేపు ఆపి మళ్లీ వేస్తే మళ్లీ తలంబ్రాలు, మళ్లీ టక్ టక్. మామ వచ్చి పెట్టెను రెండు దెబ్బలు కొట్టాడు (ఆయన దగ్గర అన్ని యంత్రాలకూ అదే వైద్యం). తర్వాత నా వైపు తిరిగాడు.

“ఏం ఇప్పినావురా?”

“ఏమీ ఇప్పలేదు మామా.”

“సరే. ఆదివారానికి పటం ల్యాకుంటే ఆ యమ్మ ముందర నువ్వే పోయి నిలబడు. నేను రాను.”

నిజంగా భయమేసింది. ఒక మనిషి బతుకంతా బతికి వెళ్లిపోయాడు. ఆయన మొహం గుర్తుపట్టేలా ఉన్నది ఈ లోకంలో ఆ ఇనప ముక్కలోనే. అదేమో టక్ టక్‌మంటోంది. మర్నాడే డిస్కును తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని పులివెందుల బస్సెక్కాను. దారిపొడుగునా చెవికానించుకుని చూస్తూనే ఉన్నాను. కరెంటు లేకుండా అది శబ్దం ఎలా చేస్తుందన్న ఆలోచన ముద్దనూరు దాటాక గానీ రాలేదు.

పులివెందులలో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ డిస్కును తిప్పి చూశాడు. ఎండిపోయిన గంధాన్ని గోటితో గీకి, వాసన చూశాడు.

“ఇదేందప్పా?”

“గంధం భాయ్. ఆయుధ పూజకు...”

భాయ్ కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. “యా అల్లా! ఇది దాని ముక్కప్పా! లోపల గాలి యేడెక్కితే బయటికి పోయే దావ ఇదే. దేవుని పేరు చెప్పి ముక్కు మూసి సంపినావే! ఈడ రాసింది సదవలేదా?”

అప్పుడు చదివాను. ఈ రంధ్రాన్ని మూయవద్దు అని రాసుంది. ఛీ, నా చదువు తగలెయ్య!

భాయ్ సూదితో గంధమంతా తీశాడు. “ఇప్పటికే దెబ్బ తగిలింది. సల్లగా ఉన్నంతసేపు తిరుగుతాది, యేడెక్కితే మొండికేస్తాది. ఎన్నిసార్లు తిరుగుతాదో నేను జెప్పలేను” అన్నాడు. పక్కన కూల్‌డ్రింకుల అంగడి ఫ్రిజ్‌లో, చెమ్మ తగలకుండా రెండు కవర్లలో కట్టి, పాల ప్యాకెట్ల మధ్య దాన్ని గంటసేపు పడుకోబెట్టాం. ఆ గంటలో భాయ్‌ను నా ప్రశ్నలతో చంపుకుతిన్నాను. లోపల పళ్లెం ఉంటుందా? దాని మీద పెళ్లి ఎలా అతుక్కుంటుంది? పెళ్లికూతురు ఒక పక్క, పెళ్లికొడుకు ఇంకో పక్క ఉంటారా? “ఆ బుర్రలో సగం పూజ నాడు వాడింటే బాగుండు” అన్నాడు భాయ్.

మొదటిసారి పది నిమిషాలు తిరిగింది. తలంబ్రాలు దాటి నేరుగా భోజనాలకు వెళ్లాం. ఏముంది? సంగటి ముద్దలు, పొట్టేలు కూర, కూర గంటె, మళ్లీ సంగటి. ఎవడ్రా ఈ తిండిపోతు కెమెరామన్ అని తిట్టుకుంటే, వాణ్ణి నేనే. టక్ టక్. మళ్లీ ఫ్రిజ్. రెండోసారి ఒక కుక్క, నీళ్ల డ్రమ్ము. మూడోసారి, భోజనాల బంతి చివర, తలపాగాతో, బుగ్గనిండా ముద్దతో తాత! ఆయన లైటుకు కళ్లు చిట్లించి, ఎడమ చెయ్యి పైకెత్తి నా మొహం మీదికే అన్నాడు: “పో అప్పా! తినేటోని మొగంలో ఆ లైటేంది, పో!”

ఆ బొమ్మ ఒక్కటి తీసి దాచుకున్నామో లేదో, టక్ అంది. అదే దాని చివరి మాట.

మామ విస్తరినీ సంగటినీ కోసేసి వెనక నీలంరంగు వేశాడు. చెయ్యి మాత్రం తియ్యలేకపోయాడు, తీస్తే ఛాతీ పోతుంది. శనివారం సాయంత్రం ఇద్దరం జమ్మలమడుగు మీదుగా ఆ పల్లెకు వెళ్లాం. అంతకుముందు రానన్న మామ తానే బండి తీశాడు. అవ్వ పటాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో అద్దం తుడిచింది. ఆ చేతిని చూసి ఏం తిడుతుందోనని నేను మామ పక్కన నక్కాను.

“సూడండ్రా,” అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ, “ముసిలోడు సెయ్యెత్తి దీవిస్తాండాడు! బతికినన్నాళ్లు నోరు తెరిస్తే తిట్లే. పోతా పోతా ఇట్ల దీవించి పోయినాడు.”

నేను నోరు తెరవబోయాను. మామ నా కాలు తొక్కాడు. ఎన్నడూ అబద్ధం చెప్పొద్దనే మామ, ఆ రోజు తొక్కిన కాలు మూడు రోజులు నొప్పి పుట్టింది.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. ఏది తీసినా మూడు చోట్ల దాస్తాను. ఆయుధ పూజకు పెట్టె విప్పను. ఆ డిస్కును మాత్రం ఒకరోజు ఆగలేక విప్పేశాను. లోపల నున్నటి పళ్లెం ఉంది, పెళ్లి ఎక్కడా కనబడలేదు. మొన్న ఆ ఇంట్లోనే ఇంకో పెళ్లికి వీడియో తీయడానికి వెళ్లాను. అవ్వ కూడా లేదిప్పుడు. పెళ్లికొడుకు బయల్దేరేముందు తాత పటం దగ్గరికి వెళ్లి, ఎత్తిన ఆ చేతికింద తలవంచి నిలబడ్డాడు. ఇంటిల్లిపాదీ వరసగా అలాగే చేశారు. అందరూ చూస్తున్నారని నేనూ వెళ్లి తలవంచాను. ఎంత వంచినా నాకు ‘పో అప్పా’ అనే వినిపించింది. “పోతాండా తాతా” అని మెల్లగా చెప్పి, కెమెరా లైటు ఆర్పేసి బయటికొచ్చాను.