చెవుల మీద కూర్చున్న విగ్రహం

పేటంతా అతన్ని మైకు మావయ్య అనే పిలిచేది. వారమంతా ఇరుకు కొట్లో పాడైన స్పీకర్లు విప్పి బాగుచేస్తాడు. ఆదివారం వచ్చిందంటే చర్చిలో మైకుల ధ్వని హెచ్చుతగ్గులు చూసే మిక్సరు ముందు ఉంటాడు. ఆ మిక్సరంటే ప్రాణం. దానికి మెత్తటి గుడ్డ కప్పేవాడు, ఎవరి చెయ్యీ తగలనిచ్చేవాడు కాదు.

"ప్రార్థనకి మోకాలు వంగదు గానీ, ఆ పెట్టె ముందు మాత్రం నడుం విరిగేలా వంగుతాడు మా ఆయన" అని భార్య నలుగురిలో దెప్పేది.

"దేవుడి పనే కదే!" అని నవ్వేసేవాడు.

దేవుడి పనే. కాకపోతే అందులో ఒక పద్ధతుండేది. ముందు వరుసల పెద్దలు దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యం చెబితే మిక్సరు మీద మీట పైకి లేచేది. వెనక గోడవారగా వీధులూడ్చే ఆడవాళ్ల బల్ల. అక్కడా ఒక మైకు నిలబెట్టారు గానీ, దాని మీట ఎప్పుడూ అడుగునే. "దుమ్ము తిన్న గొంతులు, రికార్డింగు పాడవుతుంది" అనేవాడు. ఎవరి వాకిళ్లు శుభ్రం చెయ్యబోయి ఆ దుమ్ము తిన్నారో మాత్రం చర్చిలో ఎవరూ అడగలేదు. ఆ బల్ల మీదే అతని సొంత అక్క కూడా కూర్చునేది. తల్లి పోయాక అతన్ని సాకిన అక్క.

ఆ శనివారం అక్క అతని కొట్టుకి వచ్చింది. గొంతులో గడ్డ, సోమవారం ఆపరేషను. మాట మిగులుతుందో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు.

"ఒరేయ్, రేపు ఒక్క పాట పాడతానురా. ఆ మైకు కాస్త పెట్టు."

టంకం పెడుతున్న చెయ్యి ఆగలేదు. "నీ గొంతిప్పుడు జల్లెడలా ఉందక్కా. నవ్వుతారు."

"నవ్వనీరా. నిన్ను జోకొట్టింది ఈ జల్లెడే."

"రికార్డింగు నలుగురికీ వెళ్తుంది... చూద్దాంలే."

చూద్దాంలే అంటే కాదనేనని అక్కకు తెలుసు. "సరేరా, నీ పెట్టెకో దణ్ణం" అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఎప్పటిలాగే చెవులు పూర్తిగా కప్పేసే హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఏళ్ల తరబడి అతను ఆరాధనను విన్నది అందులోంచే. మీట లేచిన గొంతే చెవిన పడేది, లేవని గొంతు లోకంలో లేనట్టే. పాస్టరుగారు వాక్యం చెప్పడం ముగించారు. చెవుల్లో నిశ్శబ్దం. పాట ఎవరూ అందుకోరేమిటని తలెత్తాడు.

ముందు వరుసల తలలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. కీబోర్డు అమ్మాయి వేళ్లు గాల్లో ఆగిపోయాయి. చంటిపిల్లలు సైతం కదలడం లేదు. వెనక బల్ల దగ్గర అక్క నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. చర్చి నిండా ఏదో జరుగుతోంది, అతనొక్కడికే వినబడడం లేదు.

చెవులుండీ వినలేని బొమ్మ తనే అయి కూర్చున్నాడు.

అలవాటుగా వేలు వెనక మైకు మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది. అక్క దేవుడితో మాట్లాడాలంటే ఈ వేలి అనుమతి కావాలా? చెయ్యి వెనక్కి తీసుకుని, హెడ్‌ఫోన్ ఊడబెరికాడు.

బొంగురు గొంతు, నిలువునా చీలిన గొంతు. ఊపిరందక అది తెగినచోటల్లా బల్ల మీది ఆడవాళ్లు అందుకుంటున్నారు. వాళ్లతో ముందు వరుసలూ గొంతు కలుపుతున్నాయి. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. ఏ స్పీకరులోనూ అతను ఇంతటి ధ్వని వినలేదు. ఇదంతా ఇన్నాళ్లూ ఈ గదిలోనే ఉందా!

మోకాళ్లు వాటంతటవే వంగాయి. మిక్సరు ఎటుందో కూడా అతనికి గుర్తులేదు.

ఆ పాట రికార్డు కాలేదు. ఆపరేషను తర్వాత అక్కకు గుసగుసే మిగిలింది. మిక్సరు ఇప్పుడూ అతనే చూస్తాడు, వెనక మైకు మీట అన్నిటితో సమానంగా నిలబెడతాడు. హెడ్‌ఫోన్ మాత్రం కొట్లో మేకుకు వేలాడుతోంది. పాటల వేళకు వెళ్లి అక్క పక్కన బల్ల మీద కూర్చుంటాడు.

"వినిపిస్తోందట్రా?" అంటుంది గుసగుసగా.

"ఇంకాస్త మెల్లిగా పాడినా వినిపిస్తుందక్కా."