ఆ నాలుగు మూరలు

మా అత్త పోయిందన్న కబురు నాకు మంగలి కుర్చీలో అందింది. సగం గడ్డం గీసి ఉంది, మిగతా సగం నురగలో ఉంది. కోనరావుపేట నుంచి మా బామ్మర్ది ఫోను.

"బావా, అవ్వ పోయింది. పొద్దుగాల చాయ తాగింది. చక్కెర తక్కువేసినవని కోడలిని ఒక మాట అన్నది. గోడకు ఒరిగింది. గంతే."

నేను ఏడవలేదు. పెద్దగా ఊపిరి వదిలాను. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి ఆమెకు ఒకటే భయం, మంచాన పడి పదిమంది చేత ఎత్తించుకోవలసి వస్తుందేమోనని. ఆ అవసరం రాలేదు. చక్కెర గురించి పోట్లాడి, గెలిచి, వెళ్లిపోయింది.

అల్లుడు అత్తను తలుచుకుంటూ రాయడం కొంచెం వింతే. కానీ నాకు రాత నేర్పిన గురువెవరూ లేరు. ఏళ్ల తరబడి బస్సు కండక్టరుగా తిరిగి, ప్రయాణికులు సీట్లలో మరిచిపోయిన పుస్తకాలు చదివి ఇంతవాణ్నయ్యాను. కాబట్టి ఇట్లా రాయకూడదని చెప్పేవాళ్లూ లేరు. ఆ పుస్తకాల్లో చాలావాటికి చివరి పేజీలు ఉండేవి కావు. అందుకే నాకు ముగించడం చేతకాదని మా ఇంట్లో అంటారు. అది వేరే సంగతి.

మా అత్తకు బట్టలంటే ప్రాణం. కొనడం కన్నా చూడడం. దుకాణంలో పరుపు మీద కూర్చుందంటే పూట గడిచేది. అంచును వేళ్ల మధ్య నలిపేది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది, వెలుతురుకు ఎత్తి పట్టేది. చీరలన్నీ విప్పించి, దుకాణదారు తెప్పించిన చాయ తాగి, ఒక్క జాకెట్టు బట్ట కొనుక్కుని లేచేది. "కండ్లతోని కట్టుకున్నది గూడ కట్టుకున్నట్టే" అనేది.

తెలంగాణ కోసం ఊరూరా సమ్మె నడిచిన రోజులవి. మా బస్సులన్నీ డిపోలో నిలబడిపోయాయి. మేము డిపో ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. వంటలు రోడ్డు మీదే, బతుకమ్మ ఆటలూ రోడ్డు మీదే. జీతం లేదు. సరిగ్గా సమ్మెకు ముందే, తన బిడ్డను, అంటే నా భార్యను, బతుకమ్మ పండుగకు తీసుకుపోదామని మా అత్త జగిత్యాల వచ్చి, మా ఇంట్లో చిక్కుబడిపోయింది. అత్త ఎక్కవలసిన బస్సును చేతులారా ఆపుకున్న అల్లుణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

"బస్సు బంద్ వెట్టింది నువ్వేనాయె, ఇంక నన్ను ఎవలు వంపుతరు అల్లుడా?" అని పొద్దున్నే అడిగేది.

"ఆటోల పోరాదు అత్తా?"

"గంత దూరం ఆటోల వోతె నా నడుము ఇరుగుతది."

అప్పుడే సిరిసిల్లలో మా చెల్లె బిడ్డ లగ్గం కుదిరింది. మేనమామను నేను. పెండ్లిపిల్లకు చీర పెట్టాలి, అది తప్పదు. దానితో పాటు మా చెల్లె అత్తగారి వైపు వాళ్లందరికీ చీరలు, ధోవతులు, ప్యాంటు బట్టలు పెట్టాలి. లేకపోతే మాట పడేది మా చెల్లె. "మీ అన్న మాకేం దెచ్చిండు?" అని ఆ ఇంట్లో ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంటారు. నా జేబులో ఒక్క మంచి చీరకు సరిపడా డబ్బులే ఉన్నాయి.

కోరుట్లలో ఒక బట్టల సేటు సమ్మెలో ఉన్నవాళ్లకు ఖాతా మీద బట్టలిస్తున్నాడని టెంటులో విన్నాను. ఆ మాట ఇంట్లో చెప్పి బయలుదేరేసరికి మా అత్త చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడింది. కోనరావుపేటకు విరిగే నడుము కోరుట్ల బట్టల దుకాణానికి విరగలేదు.

సేటు మర్యాదస్తుడు. అడిగినవన్నీ పరుపు మీద గుట్టగా పోశాడు.

"కండక్టర్ సాబ్, మీరు తెలంగాణ కోసం కొట్లాడుతున్నరు. మూడు నెలల దాక వడ్డీ లేదు. తీస్కపోండ్రి."

నాకు గుండె నిండింది. సంతకానికి పెన్ను తీశాను. మా అత్త పెండ్లిచీర అంచు నలుపుతూ, మొహం ఎత్తకుండా అడిగింది.

"సేటూ, నగదిస్తె గూడ గీ చీరె గింతేనా?"

"నగదైతె నూటికి పది తగ్గిస్త అవ్వా."

"అంటె వడ్డీ లేదన్న మూడు నెలల వడ్డీ ముందుగాల్నే గిండ్ల నేసినవన్నట్టు."

సేటు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మూడు నెలలు దాటితె?"

"నూటికి నెలకు మూడు."

"దాటిన దినం కెల్లేనా?"

"కాదవ్వా..." సేటు కొంచెం ఆగాడు. "కొన్న దినం కెల్లి."

గడువు దాటిందంటే వడ్డీ మొదటి రోజు నుంచే లెక్క. అసలు బేరమంతా ఆ ఆగడంలోనే ఉంది. నాకది వినపడలేదు, ఆమెకు వినపడింది. నా వైపు తిరిగింది.

"అల్లుడా, నీ జీతం ఎప్పుడొస్తది?"

"సమ్మె అయిపోయినంక."

"సమ్మె ఎప్పుడైపోతది?"

"తెలంగాణ వచ్చినంక."

"గది ఎప్పుడొస్తది?"

"ఢిల్లీవాళ్లు చెప్పాలె అత్తా."

"అయితె నీ వడ్డీ లెక్క ఢిల్లీల ఉన్నదన్నట్టు."

దుకాణంలో అందరూ నవ్వారు. సేటు కూడా. నాకు మాత్రం ఒళ్లు మండింది. అక్కడ మా చెల్లె పరువు పోయేట్టుంటే ఈమెకు ఇక్కడ నవ్వులాట.

ఆమె చీరను పరుపు మీద పొడుగ్గా పరిపించింది. మోచేతి నుంచి వేలి కొస దాకా, మూర వెంట మూర కొలుచుకుంటూ పోయింది. పన్నెండు మూరలు తేలింది. తిరిగి కొంగు వైపు నుంచి నాలుగు మూరలు కొలిచి, ఆ ముక్కను మడిచి గుప్పిట్లో పట్టుకుంది.

"నెలకు మూడంటె చిన్నగనే ఇనవడ్తది. ఏడాదికి ముప్పై ఆరు, మూడో వంతు కన్న ఎక్కువ. గీ పన్నెండు మూరల చీరెకు నువ్వు పదారు మూరల పైసలు గడుతవు. గా మీది నాలుగు మూరలు ఎవలు కట్టుకుంటరు? పెండ్లిపిల్లనా, నీ చెల్లెనా, నువ్వా? గీ గుట్ట మొత్తానికి గిదే లెక్క."

నేను ఆమె గుప్పిట్లోని బట్టను చూశాను. అంత బట్ట పోతే ఆ చీర ఒంటికి చుట్టుకోదు, కొంగు భుజం మీదికి రాదు. నూటికి మూడన్న మాట ఎన్నోసార్లు విన్నాను. చేతిలో చిల్లరలా గలగలలాడి పోయేది. దాని పొడుగు ఎంతో కంటికి కనపడింది అప్పుడే. పెన్ను జేబులో పెట్టేశాను. ఒక్క పెండ్లిచీర తీసుకుని, నూటికి పది తగ్గించి నగదు ఇచ్చి బయటపడ్డాం. మర్యాదస్తుడు కాబట్టి సేటు ఆమెకు రెండో చాయ కూడా తాగించాడు.

తిరుగు ఆటో ఎక్కాం.

"నాకెట్ల తెలుసనుకున్నవు?" అంది ఆమె. "నీ లగ్గంల నీకు వెట్టిన ప్యాంటు బట్ట యాదున్నదా? ఖాత మీద దెచ్చిన. నువ్వు గది తొడిగి తొడిగి చింపినవు. నా బిడ్డ దాన్ని సంచి కుట్టింది. గా సంచి గూడ చినిగిపొయినంక గని నా వడ్డీ తెగలేదు."

ఆ ప్యాంటు నడుము దగ్గర బిగుతుగా ఉండేది. ఆ మాట ఆటోలో చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

సిరిసిల్లకు లగ్గానికి ముందే వెళ్లాం. అప్పుడూ ఆటోనే, అప్పుడూ ఆమె నడుముకు ఏమీ కాలేదు. మా చెల్లె ఎదురొచ్చి మా చేతుల్లో ఉన్న ఒక్క సంచి వైపు చూసింది. నేను ఆటో డబ్బులు లెక్కపెట్టసాగాను. మా అత్తే చెప్పింది.

"బిడ్డా, మీ అన్నకు జీతం లేదు. పెండ్లిచీర ఒక్కటే దెచ్చిండు. తిడితె నన్ను తిట్టు."

మా చెల్లె మెట్టు మీద కూలబడింది. ఇంక ఏడుస్తుంది అనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది.

"అన్నా, నువ్వు మావోళ్లందరికి వెడితె నేను మీ అందరికి తిరిగి వెట్టాలె గద! గందుకు రేపు ఈడి సేటు దగ్గరికి ఖాత రాపియ్య పోదామనుకుంటున్న. గీ మాట ముందే చెప్పరాదె, నిద్ర పోయి ఎన్ని దినాలైందో!"

అప్పుడర్థమైంది నాకు. కోరుట్లలో నాదొక గుట్ట, సిరిసిల్లలో ఆమెదొక గుట్ట. మా బట్టలు అటు, వాళ్ల బట్టలు ఇటు, రెండింటికీ వడ్డీలు సేట్లకు. ఆ బట్టల్లో ఎవరైనా కుట్టించుకునేవి కూడా తక్కువే. పెట్టెలో దాచి వచ్చే లగ్గానికి ఇంకొకరికి పెట్టేవే ఎక్కువ. అన్నాచెల్లెళ్లం ఒకరి పరువు ఒకరం కాపాడుకోబోయి ఇద్దరం మునిగేవాళ్లం.

లగ్గంలో ఒకరిద్దరు అననే అన్నారు. "మేనమామ వట్టి చేతులతోని అచ్చిండేంది?"

"మేనమామ సమ్మెల ఉన్నడు" అంది మా అత్త. అదేదో పెద్ద పదవి అయినట్టు, పందిరి చివరిదాకా వినపడేట్టు. ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురు చెప్పగలవాళ్లెవరు? పెద్దమనుషులు లేచి నాకు కుర్చీ వేశారు.

తెలంగాణ వచ్చింది. సేటు ఇచ్చిన మూడు నెలల్లో మాత్రం రాలేదు.

అత్త కబురు అందాక మంగలి కుర్చీలోంచి లేచి, నేనూ నా భార్యా కోనరావుపేట పోతూ సిరిసిల్లలో ఆగాం. పోయినవాళ్ల మీద దగ్గరి చుట్టాలు కొత్త బట్ట కప్పడం మా దిక్కు పద్ధతి. దుకాణంలో అమ్మాయి, "నెలనెల కడుతరా అంకుల్? వడ్డీ ఏం పడది" అంది. నగదు తీశాను. ఆ అమ్మాయి చీర మడత విప్పి పరవగానే నా మోచెయ్యి దానంతట అదే కదిలింది. మూర వెంట మూర కొలుచుకుంటూ కొంగు దాకా పోయాను. అంచు నలిపాను, వాసన చూశాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. చాయ మాత్రం తెప్పించలేదు.

కోనరావుపేటలో నా భార్య, ఆనాటి పెండ్లిపిల్ల మా మేనకోడలు కలిసి ఆ చీరను మా అత్త మీద పరిచారు. నిలువెల్లా కప్పాక కూడా ఎంతో మిగిలింది. ఎవరో మడిచి కింద దోపబోతే నా భార్య వద్దంది. కొంగు పాడె పక్కన వేలాడింది. వాకిట్లోకి గాలి వచ్చినప్పుడల్లా అది లేచి, కాసేపు నిండుగా నిలిచి, మెల్లగా వాలింది.