సముద్రపు కోటలో తడి అడుగులు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. మాది కాకినాడ. సౌదీలో జుబైల్ దగ్గర, సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో పదకొండేళ్లు కెమిస్టుగా పనిచేశాను. నీళ్లలో ఉప్పెంతో కొలవడమే నా ఉద్యోగం. అందుకే ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

గల్ఫ్ యుద్ధం ముగిసి మూడు నాలుగు నెలలైంది. కువైట్‌లో చమురు బావులు ఇంకా తగలబడుతూనే ఉన్నాయి. గాలి అటునుంచి వీస్తే మిట్టమధ్యాహ్నం కూడా మాకు కారు లైట్లు వేసుకోవాల్సి వచ్చేది. సముద్రంలో ఒలికిన చమురుకి ఉత్తరపు ఒడ్డంతా తారు పేరుకుపోయింది.

పంపుల రిపేరు కోసం మోరి అనే జపాన్ ఇంజనీరు వచ్చాడు. యాభై దాటిన మనిషి. వాళ్ల ఊళ్లో సముద్రం ఒడ్డునే పాతకాలపు కోట ఉందట. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిపేవాడట. మా తీరంలోనూ పాడుబడ్డ కోట ఒకటుందని ఎవరో చెబితే, శుక్రవారం తీసుకెళ్లమని నన్నడిగాడు.

బండి నడిపింది మా కంపెనీ డ్రైవరు రాజన్న. జగిత్యాల వైపు మనిషి. అతని తమ్ముడు లింగం కువైట్‌లో తాపీ పని చేసేవాడు. ఇరాక్ సైన్యం అక్కడికి వచ్చినప్పటి నుంచీ లింగం జాడ లేదు. తోటివాళ్లు చాలామంది జోర్డాన్ మీదుగా ఇళ్లు చేరారు. రాజన్న వారం వారం ఊరికి ఫోన్ చేసి, కబురేమైనా వచ్చిందా అని అడిగి తన గదికి తిరిగొచ్చేవాడు.

కోట చిన్నదే. రాయీ మట్టీ కలిపి కట్టిన రెండంతస్తులు. తలుపు లేదు. మేం చేరేసరికి పదకొండయింది. పొగకి ఆకాశం గోధుమరంగుకి తిరిగింది. చుట్టూ ఇసుకలో మా టైర్ల గుర్తులు తప్ప మరేమీ లేవు.

ముందు మోరి మెట్లెక్కాడు. పై గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

నేల మీద మసీ దుమ్మూ మందంగా పేరుకుని ఉన్నాయి. వాటి మీద తడి అడుగులు. చెప్పుల్లేని మగమనిషివి. సముద్రం వైపు కిటికీ దగ్గర మొదలై, గది మధ్యకొచ్చి ఆగాయి. వెనక్కి వెళ్లిన జాడ లేదు. ఆ ఒడ్డున కాలు పెడితే చాలు, తారు అంటుకుంటుంది. ఈ అడుగుల్లో ఒక్క నల్లచుక్కైనా లేదు.

నా వెనకే వచ్చిన రాజన్న వంగి చూశాడు. కుడిపాదం గుర్తులో చిటికెన వేలు లేదు.

"సార్, గిది మా లింగం అడుగు," అన్నాడు. "చిన్నప్పుడు గొడ్డలి తాకి ఏలు తెగింది సార్. నేనే ఎత్తుకొని దవాఖానకు ఉరికిన."

వేలు లేనివాళ్లు లోకంలో ఎందరో ఉంటారన్నాను.

మోరి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, అడుగుల మీద కాలు పడకుండా గోడ వారగా కిటికీ చేరాడు. కింద నున్నటి నిటారు గోడ. పట్టుకుని ఎక్కే ఆధారమేదీ లేదు.

నేను అలవాటు కొద్దీ ఒక అడుగుకి వేలు తాకించి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు లేదు. చల్లటి మంచినీళ్లు. ఆ చుట్టుపక్కల బావి గానీ పైపు గానీ లేవు.

ఆ వేడికి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. నా వాచీ ప్రకారం అరగంటైనా ఆరలేదు. రాజన్న పక్కనే కూర్చుని, "లింగా, ఏడున్నవ్‌ రా?" అని పిలిచాడు. తర్వాత మేం చూస్తుండగానే, కిటికీ వైపు నుంచి ఒక్కొక్క అడుగే ఆరుకుంటూ వచ్చింది. ఆరిన చోట దుమ్ము చెదరలేదు. మా కాలిగుర్తులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

మోరి మరో నెల ఉండి వెళ్లిపోయాడు. ఆ రోజు ఊసే ఎత్తలేదు.

ఆ ఏడాది చివర్లో, లింగంతో కలిసి కువైట్ నుంచి బయల్దేరిన మనిషి ఒకడు రాజన్న ఊరికి వచ్చాడు. ఇంతకాలం చెప్పే ధైర్యం చాలలేదట. జోర్డాన్ సరిహద్దు ఎడారిలో నీళ్ల బండి కోసం ఎదురుచూస్తూ, లింగం దాహంతోనే పోయాడట. ఆ చోటు మా కోటకు వందల మైళ్ల దూరం. అది జరిగింది కూడా మేం అక్కడికి వెళ్లడానికి తొమ్మిది నెలల ముందు.

ఫోన్‌లో ఈ కబురు విన్న రాజన్న, ఊరికి బయల్దేరే ముందు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఆనికి నీళ్లు దొరికినయ్ సార్," అన్నాడు. "మనం చూసినం గద."

అవునన్నాను.