డొల్ల లేని బండ

మా ఆయన పోయి మూడేళ్లు దాటింది. ఆయన బట్టలు ఇచ్చేశాను, మంచం మార్చాను, ఫోటోకు వేసిన దండ ఎండిపోతే తీసేశాను. గట్టిదాన్నే అని నన్ను నేనే మెచ్చుకున్నాను. తీరా స్నానాల గదిలో బండ తియ్యాల్సి వచ్చేసరికి నా గట్టితనం ఏపాటిదో తేలిపోయింది.

ఆ బండ మీదే నేను జారిపడ్డాను. తుంటి విరగలేదు గానీ నెలన్నర మంచం దిగలేదు. ఆ బండ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉంటుంది. ఇప్పుడు ఆ నాలుగు వేళ్లే నాకు గుట్టెక్కినంత పని. నా బిడ్డ బడిలో టీచరు, నాతోనే ఉంటుంది. పిల్లలకు పాఠం చెప్పినట్టే నాకూ చెప్పింది.

"అమ్మా, ఆ బండ తీపిద్దాం. నేలకు సమానంగ, షవర్ కింద పరిచే ప్లాస్టిక్ ట్రే పెట్టిద్దాం. గోడకు పట్టుకునే రాడ్ కొట్టిస్త. కుర్చీల కూసొని నిమ్మళంగ తానం చెయ్యి."

"సరే తీపియ్యి. గాని బండ పలగొద్దు. నాకు నిండు బండ గావాలె. ఇంటి ముంగట ఏస్కుంట" అన్నాను.

నేను కోరింది అదొక్కటే.

ఆ బండ సంగతి చెప్పాలి. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటాం. మా ఆయన బాయిలో పైకప్పు చూసే పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట కొత్తగా బయటపడ్డ కప్పును కర్రతో కొట్టి, ఆ చప్పుడు వినాలి. గట్టిగా పలికితే భయం లేదు. డొల్లగా మోగితే పైన రాయి విడిపోయి ఉందని అర్థం. దాన్ని దించేదాకా ఆ కిందికి ఎవరూ పోకూడదు. అందరికంటే ముందు తాను పోయి కొట్టి చూసి, బాగుంటే వెనక్కి తిరిగి "రాండ్రి" అనేవాడట. ఆ మాట వినపడేదాకా వెనకున్నవాళ్లు అడుగు వేసేవారు కాదట.

ఈ అలవాటు ఇంటికీ తెచ్చాడు. కంపెనీ క్వార్టర్ వదిలి సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు, మేస్త్రి స్నానాల గదిలో షాబాదు బండ పరిచి పోయాడు. ఈయన డ్యూటీ దిగి వచ్చి, మొహమైనా కడుక్కోకుండా, చెంబు అడుగుతో ఆ బండను నాలుగు మూలలా కొట్టి చూశాడు.

"లోపల డొల్లగున్నది. తియ్యాలె" అన్నాడు.

"నేలనాయె గద. నీ నెత్తి మీద పడుతదా ఏంది?" అన్నాను.

నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. మర్నాడు సెలవు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉండటంతో బండ తానే లేపాడు. సిమెంటు మాలు కలిపి, వేళ్లతో తోసి తోసి, మూలమూలా నింపి మళ్లీ పరిచాడు. పక్కింటివాళ్లు వచ్చి, "బాయి పని ఇంట్ల గూడ చేస్తున్నవా అన్నా" అని ఒకటే నవ్వు. ఆరిన తర్వాత మళ్లీ కొట్టి చూసి, తాను దాని మీద నిలబడి, గడప అవతలున్న నన్ను పిలిచాడు.

"ఇగ రా."

అప్పటి నుంచి ఆయన స్నానం ఆ బండ మీదే. బాయి దగ్గర స్నానాల గది ఉన్నా అక్కడ చెయ్యడు. అడిగితే, "ఆడ నా వీపు ఎవలు రుద్దుతరు?" అనేవాడు. నేను వేడినీళ్లు పోస్తూ రుద్దేదాన్ని. మొదటి చెంబుల నీళ్లు నల్లగా పారేవి. నీళ్లు తేటపడేదాకా నోరు విప్పేవాడు కాదు. తేటపడ్డాక ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేవాడు. ఎంత రుద్దినా కంటి రెప్పల అంచున నలుపు మిగిలేది. "పెండ్లిపిల్ల లెక్క కాటిక పెట్టుకున్నవ్" అని ఆటపట్టించేదాన్ని. ఆ వీపు వెడల్పు నా అరచేతులకు ఇంకా గుర్తే. నాకు ఆ వీపు కావాలి. ఇంకొక్క షిఫ్టు, ఇంకొక్క స్నానం ఇస్తే చాలు, మరేమీ అడగను అని ఎన్నిసార్లు అనుకున్నానో.

మేస్త్రి వచ్చాడు. రామకృష్ణాపూర్ మనిషి, నలభై ఏళ్లుంటాయి. నేను చేతికర్ర పట్టుకుని గదికి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. బండకు దెబ్బ తగిలితే నీకు చాయ లేదని ముందే చెప్పాను. అంచుల వెంట సిమెంటు మెల్లగా చెక్కాడు. గడ్డపార మొన దూర్చబోయాడు, దూరలేదు. రెండో వైపు చూశాడు, మూడో వైపు చూశాడు. చివరికి చెమట తుడుచుకుంటూ చతికిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఇది నిండుగ లేవది. కింద జెర్రంత ఖాళీ ఉంటెనే గడ్డపార దూరుతది. పలగ్గొడితేనే వస్తది. ఎవడు పరిసిండో గాని..."

"మా ఆయన" అన్నాను.

అతను నాలుక కరుచుకున్నాడు. నా బిడ్డ దగ్గరికొచ్చి, "పోనీ అమ్మా, ఉండనియ్యి. దీని మీదనే ట్రే పెట్టిద్దాం" అంది.

"గట్లయితే ఇంకింత ఎత్తయితది అక్కా. పెద్దమ్మ ఎట్ల ఎక్కుతది?" అన్నాడు మేస్త్రి.

నాకు మా ఆయన మీద ఒళ్లు మండిపోయింది. బతికి ఉంటే దులిపేసేదాన్ని. ఒక్క మూలనన్నా కాస్త వదిలి ఉంటే నీ సొమ్మేం పోయేదయ్యా, ఇవాళ నీ బండ నాకు దక్కేది కదా! కానీ ఎట్లా వదులుతాడు? నేను నిలబడే చోటు కింద ఖాళీ ఉండనిచ్చే మనిషా?

"కొట్టు" అన్నాను.

నా బిడ్డ నన్ను లోపలికి తీసుకుపోబోయింది. పోలేదు. ఆయన పోయేటప్పుడు దవాఖానలో నన్ను బయట కూర్చోబెట్టారు. ఈసారి కదలదల్చుకోలేదు. మూడో దెబ్బకు బండ పగిలింది. ముక్కలన్నీ తట్టలో ఎత్తి వాకిట్లో గోడ పక్కన పోశాడు.

తర్వాత కింద చెక్కి, నీళ్లు పోయే పైపు సరిచేసి, నాలుగు మూలలా నాలుగు ముద్దలు మాలు పెట్టి, వాటి మీద తెల్లటి ట్రే కూర్చోబెట్టాడు. చూడటానికి అందంగానే ఉంది. నేను కుర్చీలోంచే వంగి కర్రతో నడుమ కొట్టాను.

"డొల్లగున్నది. తియ్యి."

"ప్లాస్టిక్‌ది పెద్దమ్మా, గట్లనే మోగుతది. అందరిండ్లల్ల గిట్లనే పెడతరు."

"అందరిండ్ల సంగతి నాకెందుకు? కింద నింపు."

"నింపుటానికి అంత సామాను లేదు గదనే."

"వాకిట్ల బండ ముక్కలున్నయి గద. అవే ఏసి నింపు."

మేస్త్రి నా బిడ్డ వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ తల ఊపింది. అతను ట్రే లేపి, ముక్కలను చిన్నగా కొట్టుకొచ్చి, ఒక్కొక్కటే పేర్చి, సందుల్లో మాలు కూరి, దాని మీద ట్రే అదిమాడు. రెండు రోజులు ఎవరూ తొక్కొద్దని చెప్పి, చాయ తాగి పోయాడు.

మూడో రోజు పొద్దున నా బిడ్డ ట్రేలో కుర్చీ వేసింది, తువ్వాలు తగిలించింది, గీజర్ పెట్టింది. "పో అమ్మా, నాకు బడికి టైమైతున్నది" అంది. నేను గడప దగ్గర నిలబడి కర్రతో నాలుగు మూలలూ కొట్టాను, నడుమ కొట్టాను. ఎక్కడా డొల్ల లేదు. అయినా నా కాలు కదల్లేదు.

"ఏమైందమ్మా? మళ్ల డొల్లగున్నదా?"

"లేదు బిడ్డా. గట్టిగనే ఉన్నది."

అప్పుడు తెలిసింది, నేను "ఇగ రా" అనే ఆ మాట కోసం ఆగానని. నా బిడ్డ వెనక నుంచి పొమ్మంటోంది. లోపల నిలబడి రమ్మనే మనిషి లేడు. ఇంకాసేపు చూశాను. తర్వాత గోడకున్న రాడ్ పట్టుకుని, "వస్తున్న" అని నేనే చెప్పి లోపలికి అడుగు పెట్టాను.