దర్జీ చేతిలో విత్తనం

గుంతకల్లు రైల్వే పార్శిల్ ఆఫీసులో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు, ఎనభైల మొదట్లో, హైదరాబాదులో ఒక అంతర్జాతీయ సాహిత్య సమ్మేళనం జరిగింది. ఆ ఏడు అరబ్బు దేశాల కవులకు పెద్దపీట వేశారు. వాళ్ళ కవితలను తెలుగు చేసి సభలో చదివేవాళ్ళు కావాలని పత్రికలో ప్రకటన చూసి, నేనున్నానని కార్డు రాశాను. పదో తరగతి దాటనివాడికి అంత ధైర్యం ఎక్కడిదంటే, లైబ్రరీ ఇచ్చిందే. మా రైల్వేవాళ్ళ గ్రంథాలయంలో తెలుగు బీరువాలు పూర్తి చేసి, ఇంగ్లీషు బీరువాలో సగం దాకా వచ్చి ఉన్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిన చదువు. కాలేజీ చదువు కంటే అది ఒక పిసరు గట్టిదని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కార్డులో ఉర్దూ వచ్చునని కూడా రాశాను. మాట్లాడటం వచ్చు, వింటే అర్థమవుతుంది. గుంతకల్లులో బతికేవాడికి అదేమంత గొప్ప కాదు. చదవడం మాత్రం రాదు. కొన్నాళ్ళకు వాళ్ళు పంపిన కాగితం చూస్తే మొత్తం ఉర్దూ లిపిలో ఉంది. సిరియా నుంచి రాబోతున్న ఒక కవయిత్రి రాసిన చిన్న కవిత. అరబ్బీ నుంచి ఎవరో ఉర్దూలోకి తెచ్చారు. దాన్ని పట్టుకుని మా వీధిలో ఉండే రిటైరైన గార్డు దగ్గరికి పోయాను. చాచా అని పిలిచేవాణ్ణి ఆయన్ను.

"ఏమప్పా, ఉర్దూ పండితుడినని రాసిచ్చినావంట. ఇప్పుడు నా కాడికెందుకొచ్చినావు?"

"చదివేది నువ్వు, అర్థం చేసుకునేది నేను చాచా. సగం సగం."

"అట్లయితే స్టేజీ మీద కుర్చీలో కూడా సగం నాదే."

అద్దాలు పెట్టుకుని నిదానంగా చదివాడు. ఖరీఫ్ వచ్చింది. నా తండ్రి గడప మీద కూర్చున్నాడు. చేతిలో ఉన్నదంతా నేలకిచ్చి, ఒట్టి చేతులతో బయటికి చూస్తున్నాడు. కవిత మొత్తం అంతే.

"ఖరీఫేనా చాచా, సరిగ్గా చూసినావా?"

"ఖరీఫే. రేడియోలో దినామూ చెప్తాండారు గదా, ఖరీఫు శెనక్కాయ, ఖరీఫు శెనక్కాయ అని. అరబ్బోళ్ళ మాటే మనకొచ్చిండేది."

ఇక నాకు సందేహం ఏముంటుంది? కుందుర్పి దిక్కున, మా సొంతూళ్ళో, మా నాయన చేసింది అదే. మొదటి వాన పడగానే, ఇంట్లో మిగిలిన కాయలన్నీ వలిపించి, పిల్లలు నోట్లో వేసుకోబోయినవి కూడా లాక్కుని చేన్లో వేసేవాడు. ఆ తర్వాత రెండో వాన కోసం గడప మీద కూర్చునేవాడు. అన్నం తినమన్నా లేచేవాడు కాదు. సిరియాలో ఎవరో ఆడమనిషి మా నాయన గురించి రాసిందని నాకు ఒళ్ళు జలదరించింది.

అయినా నేను చదువుకున్నవాణ్ణి. ఊరికే నమ్మేస్తానా? లైబ్రరీలో ఇంగ్లీషు విజ్ఞానసర్వస్వం తీసి సిరియా పేజీ చూశాను. ఎండాకాలం పోయాక వచ్చే వానలకు అక్కడ గోధుమ విత్తుతారని ఉంది. ఆ పేజీ చూసిన సంతోషంలో కవితను తెలుగు చేశాను. "విత్తే కాలం వచ్చింది" అని మొదలుపెట్టాను. చేతిలో ఉన్న విత్తనమంతా నేలకిచ్చాడని రాశాను. చివర కవయిత్రి సగంలో వదిలేసినట్టు అనిపించి, "మొలక కోసం చూస్తున్నాడు" అని ఒక పంక్తి నేనే కలిపాను.

ఇంట్లో చదివి వినిపిస్తే నా భార్య చేటలో బియ్యం ఏరుకుంటూ, "ఆయమ్మ అరబ్బు దేశంలో శెనక్కాయ పండిస్తాదా ఏందయ్యా?" అంది.

"శెనక్కాయ గాదు, గోధుమ."

"ఏదైతేనేం. ఈడ చినుకు లేదు గానీ, నీ కాగితంలో విత్తనం పడె."

రైల్వే పాసు మీద హైదరాబాదు పోయాను. సాయంత్రం సభలో ముందు ఆ కవయిత్రి అరబ్బీలో చదవాలి, తర్వాత నేను తెలుగులో. మధ్యాహ్నం సభాస్థలి వెనక టీలిచ్చే షామియానాలో ఆమెకు దుబాసీగా ఉన్న అరబ్బీ లెక్చరరు నా తెలుగు ఒకసారి విందామన్నారు. మొదటి పంక్తికే ఆపేశారు.

"ఖరీఫ్ అంటే మీరు ఏమనుకున్నారు?"

"విత్తే కాలం."

"అది మన సర్కారు లెక్కండీ. అరబ్బీలో ఖరీఫ్ అంటే ఆకులు రాలే కాలం."

నేను వెనక్కి తగ్గలేదు. ఆకులు రాలే ఆ కాలంలోనే వాళ్ళ దేశంలో గోధుమ విత్తుతారని, కావాలంటే ఆమెనే అడగమని అన్నాను. ఏ పుస్తకంలో చదివానో కూడా చెప్పాను. లెక్చరరు నవ్వి ఆమె వైపు తిరిగారు. ఆమె యాభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. టీ గ్లాసు పక్కన పెట్టి అంతా విని, ఏదో చెప్పింది.

"మీ పుస్తకం నిజమే చెప్పిందట. ఆ రోజుల్లోనే గోధుమ వేస్తారట. కానీ ఈమె తండ్రి దర్జీ. జన్మలో విత్తనం చేత పట్టలేదంటున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులోనే అడిగాను, "మరి ఆయన నేలకిచ్చిందేమిటి?"

లెక్చరరు అడిగారు. ఆమె జవాబు చాలా చిన్నది.

"ఇద్దరు కొడుకులను."

నా చేతిలో కాగితం ఉంది. అందులో మొలక ఉంది. కొడుకులను పూడ్చిన మనిషిని కూర్చోబెట్టి, మొలకెత్తుతారేమో చూడమన్నాను నేను. ఆ సాయంత్రం అదే చదివితే సభలో ఎవరికీ తెలియదు, చప్పట్లు కూడా వస్తాయి. తెలిసేది నాకు, లెక్చరరుకు, ఆ దర్జీ కూతురికి.

చదవడం మానుకుంటానంటే లెక్చరరు ఒప్పుకోలేదు. "ఇంత కంగారెందుకు? ఆకురాలు కాలం వచ్చింది అనండి. చివరి పంక్తి కొట్టేయండి. సరిపోతుంది."

సరిపోదని నాకు అనిపించింది. మా దిక్కున వేపచెట్టు ఆకు రాల్చిందంటే వెనకాలే చిగురు వస్తుంది, ఆ వెనకే ఉగాది. ఆకురాలు కాలం అంటే తెలుగు వినేవాడి చెవిలో చిగురు కూడా పడుతుంది. మొలకను తీసి చిగురును పెట్టినట్టే. ఆ నెలల్లో మా నేల మీద ఏముంటుందని ఆలోచించాను. కాయ కోసం శెనక్కాయ చెట్లు వేళ్ళతో సహా పీకేసిన చేను ఉంటుంది. కొమ్మ లేదు, కాయ లేదు, గుంతలు పడిన ఎర్రమన్ను. ఇక మళ్ళీ మృగశిర కార్తె వానల దాకా దాని వైపు ఎవరూ పోరు.

"చేను పీకేశారు" అని మొదలుపెడతానన్నాను.

"అది అనువాదం కాదండీ, మీ ఊరు," అన్నారు లెక్చరరు. అయినా మంచి మనిషి, ఆమెకు వివరంగా చెప్పారు. ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. అలాంటి చేను ముందు మా ఊళ్ళో ఎవరైనా కూర్చుని చూస్తారా అని.

"చూడరు. చూసేదానికి ఏమీ ఉండదు," అన్నాను.

ఆమె లెక్చరరుతో ఒక్క మాట చెప్పి గ్లాసు అందుకుంది. అలాగే రాయమందట.

సాయంత్రం ఆమె చదివిన తర్వాత నన్ను పిలిచారు. ముందు వరసల్లో కండువాలు, కళ్ళద్దాలు, నేను పత్రికల్లో బొమ్మలు చూసి గుర్తుపట్టిన పెద్దలు. కాగితం విప్పి చదివాను. చేను పీకేశారు. నాయన గడప మీద కూర్చున్నాడు. చేతిలో ఉన్నదంతా నేలకిచ్చి, ఒట్టి చేతులతో బయటికి చూస్తున్నాడు.

అక్కడ ఆగాను. ఇంకో పంక్తి ఉంటుందని సభలో అందరూ ఎదురుచూశారు. నేను కాగితం మడిచి మెట్లు దిగిన తర్వాత గానీ వాళ్ళకు అయిపోయిందని తెలియలేదు.